సీరియల్, గమ్మీలు, బ్రెడ్ కలిపితే 800! ఐదేళ్ల పాపకి ఫోలిక్ యాసిడ్ ఎక్కువైనట్టేనా?

ఎడిసన్_అమ్మ
పాపకి ఐదేళ్లు నిండాయి, కిండర్‌గార్టెన్. అన్నం కంచం చూస్తే పారిపోతుంది, కూరంటే ఏడుపు. పొద్దున సీరియల్ గిన్నెన్నర, బడికి బ్రెడ్ రెండు ముక్కలతో శాండ్‌విచ్, సాయంత్రం రెండు మల్టీవిటమిన్ గమ్మీలు. "ఏమీ తినదు కదా, కనీసం గమ్మీలైనా" అని నేనే అలవాటు చేశా. నిన్న రాత్రి నిద్ర పట్టక డబ్బాలన్నీ తిప్పి చదివా. గమ్మీలు రెండింటికి ఫోలేట్ (ఫోలిక్ యాసిడ్ ఈ విటమినే) 400 మైక్రోగ్రాములు. సీరియల్ ఒక సర్వింగ్‌కి 200, మాది గిన్నెన్నర కాబట్టి 300. బ్రెడ్ కవరు మీద లేదు, నెట్‌లో చూస్తే ముక్కకి 50. మొత్తం 800. నాలుగు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలకి అప్పర్ లిమిట్, అంటే రోజుకి దాటకూడని హద్దు, 400 అట! అంటే సరిగ్గా రెట్టింపు. రెండేళ్లుగా ఇదే తిండి. ఎవరైనా ఇలా లెక్క చూసుకున్నారా? మా ఆయన్ని అడిగితే "విటమినే కదా, విషం కాదుగా" అని పక్కకి తిరిగి పడుకున్నాడు.

పెసరట్టు_ఉప్మా
మీ ఆయన, మా ఆయన ఒకే కంపెనీ అనుకుంటా.

బే_ఏరియా_నాన్న
గమ్మీలు చెత్తలో వేసేయండి. అది మందు కాదు, చక్కెర.

మందుల_షాపు
కంగారు పడకండి, లెక్కలో ఒక మెలిక ఉంది. నేను ఓహాయోలో ఫార్మసిస్టుని, ఈ ప్రశ్న నెలకోసారైనా వస్తుంది. డబ్బా మీద 400 పక్కన "ఎంసీజీ డీఎఫ్ఈ" అని ఉంటుంది (ఎంసీజీ అంటే మైక్రోగ్రాములు), ఆ పక్కనే బ్రాకెట్లో ఇంకో అంకె ఉంటుంది, 240 అని. అప్పర్ లిమిట్‌తో పోల్చాల్సింది ఆ బ్రాకెట్లో అంకెని.

ఎందుకంటే ఆకుకూరల్లో, పప్పుల్లో సహజంగా ఉండే ఫోలేట్ ఒంటికి కాస్త తక్కువగా పడుతుంది, కలిపిన ఫోలిక్ యాసిడ్ ఎక్కువగా పడుతుంది. రెండిటినీ ఒకే కొలతలోకి తేవడానికి పెట్టుకున్నదే డీఎఫ్ఈ. తిండితో కలిపి తీసుకున్న 0.6 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ 1 డీఎఫ్ఈకి సమానం. రోజుకి ఎంత కావాలి అన్నది డీఎఫ్ఈలో చెప్తారు, మీ పాప వయసుకి 200. ఎంత దాటకూడదు అన్నది మాత్రం కలిపిన ఫోలిక్ యాసిడ్‌కే వర్తిస్తుంది, తోటకూరకి కాదు. మీరు సేర్లలో కొలిచి కిలోల హద్దు చూశారు.

ఎడిసన్_అమ్మ
అయ్యో! బ్రాకెట్లో నిజంగానే 240 ఉంది. సీరియల్‌కి 120. మళ్లీ వేస్తా. గమ్మీలు 240, సీరియల్ గిన్నెన్నరకి 180, బ్రెడ్ ముక్కకి ఎంత వేసుకోవాలి?

మందుల_షాపు
పిండిలో సహజంగా ఉండేదీ కాస్త ఉంటుంది కాబట్టి ముక్కకి ఉజ్జాయింపుగా 25 వేసుకోండి.

ఎడిసన్_అమ్మ
అయితే 470. రెట్టింపు కాదు కానీ దాటింది దాటిందే కదండీ.

గోంగూర_పచ్చడి
గిన్నెన్నర సీరియల్ తినే పిల్లని "ఏమీ తినదు" అంటున్నారు మీరు 😀

తార్నాక_77
మా ఇల్లు హైదరాబాద్‌లో జాతీయ పోషకాహార సంస్థకి నాలుగు వీధుల అవతల. పొద్దున వాకింగ్‌లో గేటు ముందు నుంచే పోతాను, అంతమాత్రాన పండితుణ్ని కాదు. కానీ ఈ ఎక్కువైపోయే బాధ అమెరికాది. ఇక్కడ బాధ తిరగబడింది. 2016-18లో దేశమంతా చేసిన పిల్లల పోషణ సర్వేలో (సీఎన్ఎన్ఎస్) ఒకటి నుంచి నాలుగేళ్ల వాళ్లలో 23 శాతం, ఐదు నుంచి తొమ్మిదేళ్ల వాళ్లలో 28 శాతం, పది నుంచి పంతొమ్మిదేళ్ల వాళ్లలో 37 శాతం మందికి ఫోలేట్ లోటు తేలింది. ఎదిగేకొద్దీ పెరుగుతోంది చూడండి.

బే_ఏరియా_నాన్న
@మందుల_షాపు అసలు ఈ 400 ఎక్కడ నుంచి వచ్చింది? 401 అయితే ఏమవుతుంది?

మందుల_షాపు
మంచి ప్రశ్న. 1998లో ఇక్కడి ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ పెట్టిన హద్దు. పెద్దవాళ్లలో రోజుకి 5 మిల్లీగ్రాములు, అంటే 5000 మైక్రోగ్రాములు తీసుకున్నప్పుడు బీ12 లోటు ఉన్నవాళ్లకి నరాల ఇబ్బంది కనపడింది. జాగ్రత్త కోసం దాన్ని ఐదుతో భాగించి పెద్దవాళ్లకి 1000 అన్నారు. పిల్లలకి విడిగా పరీక్ష చేసి పెట్టింది కాదు, ఒంటి బరువుని బట్టి 1000ని తగ్గించుకుంటూ వచ్చారు. ఒకటి నుంచి మూడేళ్లకి 300, నాలుగు నుంచి ఎనిమిదికి 400, తొమ్మిది నుంచి పదమూడుకి 600, ఆ తర్వాత 800. కాబట్టి 470 తిన్న పిల్లకి ఏదో జరిగిపోతుందని కాదు. అలాగని రోజూ హద్దు దాటించే అవసరమూ లేదు. ఒక గమ్మీ తగ్గిస్తే 350. అయిపోయింది కథ.

ఇంకో మాట, మీరొక్కరే కాదు. 2003-06 నాటి అమెరికా సర్వే లెక్కల్లో విటమిన్లు వాడే పిల్లల్లో సగం మందికి పైగా ఈ హద్దు దాటారు. వాడని వాళ్లలో 5 శాతం. తేడా అంతా సీసా దగ్గరే.

సహజమే_మేలు
ఫోలిక్ యాసిడ్ అనేది ప్రకృతిలో లేని పదార్థం. ఫోలేట్‌ని ఒంటికి పట్టించే ఎంటీహెచ్ఎఫ్ఆర్ జన్యువులో తేడా ఉన్నవాళ్లకి అది అరగదు, రక్తంలో పేరుకుపోతుంది. ఫోలేట్‌లోనే ఇంకో రూపం, మిథైల్ ఫోలేట్ ఉన్న గమ్మీలు కొనండి. మా ఇద్దరు పిల్లలకీ టెస్ట్ చేయించి మార్చాను, మనుషులే మారిపోయారు.

మందుల_షాపు
@సహజమే_మేలు ఆ జన్యువు తేడా చాలామందిలో ఉంటుంది, ఉన్నా ఫోలిక్ యాసిడ్‌ని వాడుకోగలరు. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ కూడా అదే చెప్తుంది. వాడుకోని ఫోలిక్ యాసిడ్ రక్తంలో కనపడే మాట నిజమే, దానివల్ల ఫలానా హాని అని మాత్రం తేలలేదు. పిండంలో వెన్నుపాము లోపాల్ని ఆపుతుందని పరీక్షల్లో రుజువైంది ఫోలిక్ యాసిడ్ ఒక్కటే, మిథైల్‌ది కాదు. రేటు మాత్రం మిథైల్‌దే ఎక్కువ.

సహజమే_మేలు
అమ్ముకునేవాళ్లు అలాగే అంటారు.

మందుల_షాపు
రెండూ మా షాపులోనే ఉన్నాయండీ. మీది అమ్మితేనే నాకు లాభం.

పెసరట్టు_ఉప్మా
😂😂

గుంటూరు_పిన్ని
తిండిలో ఇది ఎందుకు కలుపుతారో మర్చిపోయి మాట్లాడుకుంటున్నాం. మా అక్క మొదటి కాన్పు 1994లో. బిడ్డకి నడుము దగ్గర వెన్ను మూసుకోలేదు, పుట్టిన పదకొండో రోజు పోయాడు. గర్భం అని అక్కకి తెలిసేసరికే రెండో నెల. వెన్ను మూసుకోవడం మొదటి నాలుగు వారాల్లోనే అయిపోతుందట, అప్పటికి ఎవరికి తెలుస్తుంది? డాక్టరమ్మ రెండో కాన్పుకి ముందు నుంచే పెద్ద మోతాదు ఫోలిక్ యాసిడ్ వేయించింది. ఇప్పుడు ఆ పిల్లాడు కెనడాలో ఉద్యోగం. ఎక్కువైతే ఏమవుతుందో అని భయపడే ముందు ఇదీ గుర్తుంచుకోండి.

మందుల_షాపు
పిన్నిగారు చెప్పిందే అసలు సంగతి. 1991లో వచ్చిన బ్రిటన్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ (ఎంఆర్‌సీ) పరీక్షలో, ఒకసారి అలాంటి కాన్పు అయిన తల్లులకి 4 మిల్లీగ్రాములు ఇస్తే మళ్లీ వచ్చే ముప్పు 72 శాతం తగ్గింది. ఆ తర్వాతే 1998 జనవరి నుంచి అమెరికాలో మైదా లాంటి ఎన్‌రిచ్డ్ (విటమిన్లు కలిపే) పిండిలో 100 గ్రాములకి 140 మైక్రోగ్రాములు కలపడం తప్పనిసరి చేశారు. తెలియకుండా గర్భం వచ్చిన తల్లి ఒంట్లో అప్పటికే ఉండాలని. పిల్లల కోసం కలిపింది కాదు, ఇంకా పుట్టని పిల్లల కోసం కలిపింది. ఇంట్లో అందరూ తినేది అదే పిండి కాబట్టి పిల్లల కంచంలోకీ వచ్చింది.

లెస్టర్_సూరి
మా బ్రిటన్‌లో పరీక్ష చేసి లోకానికి చెప్పి, మేం మాత్రం ఇంకా కలపలేదు. 2024 నవంబరులో చట్టం అయింది, 2026 డిసెంబరు నుంచి 100 గ్రాముల పిండికి 250 మైక్రోగ్రాములు. హోల్‌మీల్ పిండికి మినహాయింపు. అంటే చపాతీలు తినేవాళ్లకి అందేది అనుమానమే.

డాలస్_వంటిల్లు
@లెస్టర్_సూరి సరిగ్గా ఇదే నేను రాద్దామనుకున్నా. అమెరికాలో ఉన్నామని అందరికీ ఫోలిక్ యాసిడ్ అందేస్తోందనుకుంటాం. మనిళ్లలో చూడండి. ఇండియన్ స్టోర్ సోనా మసూరి దిగుమతి బియ్యం, అందులో కలపరు. గోధుమపిండి హోల్‌వీట్, కలపాలన్న రూలు లేదు. ఇక్కడి ఎన్‌రిచ్డ్ బియ్యం సంచి మీద "కడగొద్దు" అని రాసుంటుంది, ఎందుకంటే కలిపిన విటమిన్లు కడుగునీళ్లలో పోతాయి. మనం మూడుసార్లు కడగనిదే పొయ్యి మీద పెడతామా? మా అత్తగారు నాలుగు.

కాబట్టి నా లెక్క ఇది. అన్నం, పప్పు, చపాతీ తినే ఇంట్లో ఆడపిల్లకి, కోడలికి కలిపిన ఫోలిక్ యాసిడ్ దాదాపు సున్నా. అదే ఇంట్లో అన్నం ముట్టని ఐదేళ్ల పిల్లకి సీరియల్, బ్రెడ్, గమ్మీలతో హద్దు దాటిపోతుంది. ఎవరికి అక్కర్లేదో వాళ్లకి పడుతోంది.

ఎడిసన్_అమ్మ
@డాలస్_వంటిల్లు నా గురించే రాసినట్టుంది. నేను సోనా మసూరి, మా ఆయన చపాతీ. రెండో పిల్లల గురించి ఆలోచిస్తున్నాం కూడా. పాప గమ్మీలు నేను తినాలేమో!

మందుల_షాపు
హాస్యానికి అన్నా ఆ మాట నిజం. పిల్లలు కనే వయసు ఆడవాళ్లకి రోజుకి 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ తీసుకోమనే చెప్తారు, కడుపు పండక ముందు నుంచే. మీ డాక్టరుతో ఒక మాట అనుకుని మీకు మాత్ర, పాపకి గమ్మీ కోత.

చల్లపల్లి_టీచరు
మా వైపు సంగతి. బడిలో వారానికి ఒకసారి ఐరన్ మాత్రలు మేమే మింగిస్తాం. ఐదు నుంచి తొమ్మిదేళ్ల వాళ్లకి గులాబీ రంగు (ఐరన్ 45 మిల్లీగ్రాములు, ఫోలిక్ యాసిడ్ 400 మైక్రోగ్రాములు), పైవాళ్లకి నీలం (60, 500). మధ్యాహ్నం భోజనం అయ్యాకే. మొదటి ఏడాది తెలియక ప్రార్థన అవగానే ఖాళీ కడుపున ఇచ్చాం, నలుగురు వాంతి చేసుకుంటే ఊరంతా బడి ముందు నిలబడింది. దొడ్డికి నల్లగా వస్తోందని ఇంకో గొడవ, అది ఐరన్ వల్ల వచ్చేదే, భయం లేదని ఇల్లిల్లూ తిరిగి చెప్పుకున్నాం. ఇప్పుడు ఒక తండ్రి కొత్త ప్రశ్న తెచ్చాడు. "బియ్యంలో కలుపుతున్నారు, మాత్రల్లో ఇస్తున్నారు, మా వాడికి ఎక్కువ కాదా మేడం?" ఏం చెప్పాలి?

తార్నాక_77
మేడం, లెక్క సులువు. కలిపిన బియ్యంలో కిలోకి ఫోలిక్ యాసిడ్ 75 నుంచి 125 మైక్రోగ్రాములు ఉండాలని ప్రమాణం. ప్రాథమిక బడిలో పిల్లవాడికి రోజుకి 100 గ్రాముల బియ్యం. అంటే పది, మహా అయితే పన్నెండు మైక్రోగ్రాములు. గులాబీ మాత్ర 400 వారానికి ఒక్కటే, ఏడు రోజులకి పంచితే 57. ఇంట్లో రేషను బియ్యం రోజుకి 200 గ్రాములు తిన్నాడనుకున్నా ఇంకో 20-25. అంతా కలిపినా వంద చేరదు. ఎడిసన్ పాప ఒక్క గమ్మీ అంత లేదు.

చల్లపల్లి_టీచరు
ఇదే బోర్డు మీద రాసి చూపిస్తా. థాంక్స్ అండీ.

గోంగూర_పచ్చడి
టీచరు గారూ, ఆ బియ్యంలో ప్లాస్టిక్ కలుపుతున్నారంటూ మా అమ్మ చాటలో వేసి ఆ గింజలన్నీ ఏరి పారేస్తోంది. నీళ్లలో తేలాయి, అదే రుజువు అంటుంది. ఎంత చెప్పినా వినదు.

తార్నాక_77
అవి ప్లాస్టిక్ కాదు. బియ్యప్పిండిలో ఐరన్, ఫోలిక్ యాసిడ్, బీ12 కలిపి మిషన్లో మళ్లీ గింజల్లా ఒత్తుతారు. మామూలు బియ్యం వంద గింజలకి ఇది ఒకటి చొప్పున కలుపుతారు. రంగు కొంచెం తేడా, కొన్ని నీళ్లలో తేలుతాయి కూడా. అమ్మగారు అవి ఏరేస్తే మిగిలేది మామూలు బియ్యమే. నూటికి ఒక్క గింజ ఓపికగా ఏరుతున్నారంటే మాత్రం దండం పెట్టాలి.

గోంగూర_పచ్చడి
ఏరినవి కోళ్లకి వేస్తోంది. మా ఇంట్లో రక్తహీనత లేనిది కోళ్లకే.

పెసరట్టు_ఉప్మా
ఆ కోళ్ల గుడ్లు మీరు తింటే సరి, చుట్టు తిరిగి వచ్చేస్తుంది.

భీమవరం_బుల్లోడు
ఇంత సేపు మాట్లాడుకుని మా ఊరి మనిషిని ఒక్కరూ తలవలేదు. ఫోలిక్ యాసిడ్‌ని ప్రయోగశాలలో తయారుచేసిన లెడర్లీ మందుల కంపెనీ బృందానికి పెద్ద యల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరంలో పుట్టాడు. అన్నదమ్ములిద్దరు స్ప్రూ అనే పేగుల జబ్బుతో పోయారు, ఆయనకీ అదే వస్తే ఆయుర్వేదంతో బయటపడ్డాడు. ఆ జబ్బుకే పనికొచ్చే విటమిన్ 1945లో ఆయన బృందం చేతుల మీదుగా తయారైంది. @ఎడిసన్_అమ్మ ఆ లెడర్లీ అప్పట్లో ఉన్న పెర్ల్ రివర్ మీకు గంట ప్రయాణం.

బే_ఏరియా_నాన్న
ఆయన కథలోనే ఇంకోటుంది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు లుకేమియా (రక్త క్యాన్సర్) పిల్లలకి ఫోలిక్ యాసిడ్ జాతి పదార్థాలు ఇస్తే జబ్బు ఇంకా వేగం అందుకుంది. అది చూసే దానికి విరుగుడు కావాలన్నారు, సుబ్బారావు బృందం అమినోప్టెరిన్ చేసిచ్చింది, 1948లో మొదటిసారి పిల్లల్లో జబ్బు వెనక్కి తగ్గింది. ఆ తర్వాత వచ్చిన క్యాన్సర్ మందే మెథోట్రెక్సేట్.

ఎడిసన్_అమ్మ
ఆగండాగండి. వేగం అందుకుందా? అంటే ఎక్కువైతే క్యాన్సరా? నా గుండె జారిపోయింది.

బే_ఏరియా_నాన్న
అయ్యో, భయపెడదామని కాదండీ, చరిత్ర చెప్దామని. సారీ.

మందుల_షాపు
@ఎడిసన్_అమ్మ అది అప్పటికే క్యాన్సర్ కణాలు ఉన్న పిల్లల సంగతి. వేగంగా చీలే ఏ కణానికైనా ఫోలేట్ కావాలి, ఎదిగే పిల్ల కణాలకీ కావాలి. ఆరోగ్యంగా ఉన్న పిల్లకి సీరియల్ వల్ల లుకేమియా వస్తుందని దానర్థం కాదు. మెథోట్రెక్సేట్ మీద ఉన్న పిల్లలకి మాత్రం ఏ విటమినూ డాక్టర్ని అడక్కుండా ఇవ్వకూడదు.

పాడేరు_నాన్న
మా బాబుకి సికిల్ సెల్. వాడికి రోజూ 5 మిల్లీగ్రాముల ఫోలిక్ యాసిడ్ మాత్ర డాక్టరే రాశారు. ఇక్కడ 400 మైక్రోలు దాటితే అని చదువుతుంటే తల తిరిగింది.

మందుల_షాపు
అన్నా, మీ బాబుది వేరే లెక్క. వాడి ఎర్రకణాలు తొందరగా పగిలిపోతాయి, ఒళ్లు కొత్తవి తయారుచేస్తూనే ఉండాలి, అందుకు ఫోలేట్ ఎక్కువ ఖర్చవుతుంది. హద్దు మామూలు పిల్లలకి, డాక్టరు చూస్తూ ఇచ్చే మందుకి కాదు. ఇది చదివి ఒక్క పూట కూడా ఆపొద్దు.

పాడేరు_నాన్న
సరే అన్నా. ఆపను.

సైలెంట్_రీడర్
ఐదేళ్లలో ఇది నా మొదటి పోస్టు. మేం గుడ్డు కూడా తినని ఇల్లు. మా అన్నయ్య కూతురికి పదమూడేళ్లు, పాలు పెరుగు కూడా ఇష్టం లేదు. నీరసంగా ఉంటే ఒక డాక్టరు రక్తం తక్కువ అని ఫోలిక్ యాసిడ్ 5 మిల్లీగ్రాములు రాశాడు, బీ12 చూడలేదు. రెండు నెలలకి రక్తం పెరిగింది, అందరం సంతోషించాం. కానీ అరికాళ్లలో తిమ్మిర్లు, మెట్లు దిగుతూ తూలడం. ఇంకో చోట చూపిస్తే బీ12 అడుగంటింది. సూదులు వేశారు. తిమ్మిర్లు తగ్గడానికి ఏడాది పట్టింది. ఆ హద్దు ఎందుకు పెట్టారో మా ఇంటికి బాగా తెలుసు.

మందుల_షాపు
అందరూ పైన పోస్టు రెండోసారి చదవండి. ఫోలిక్ యాసిడ్ రక్తాన్ని సర్దేస్తుంది, నరాల్ని సర్దలేదు. రక్తం బాగుంది కదా అని బీ12 లోటుని ఎవరూ వెతకరు.

తార్నాక_77
పైన చెప్పిన సర్వేలోనే పది దాటిన పిల్లల్లో 31 శాతానికి బీ12 లోటు. చిన్నవాళ్లలో 14, 17. శాకాహారుల ఇళ్లలో మాత్ర కొనేముందు బీ12 చూపించుకోవడం నయం.

సహజమే_మేలు
ఇవన్నీ లేకుండా ఆకుకూరలు పెడితే సరిపోతుంది కదా అని నేను మొదట్నుంచీ అంటున్నది.

డాలస్_వంటిల్లు
మొదట్నుంచీ మీరన్నది మిథైల్ గమ్మీలు కొనమని 🙂 ఆకుకూరల మాట మాత్రం ఒప్పుకుంటా. పాలకూర ఉడికించినది అర కప్పులో 131 డీఎఫ్ఈ, అలసందలు అర కప్పులో 105. కూర ఉడికించి నీళ్లు వంపేస్తే సగం కాలవలోకే. పప్పుకూర, పులుసు అయితే నీళ్లతో సహా కంచంలోకి వస్తాయి. అన్నం కూడా గంజి వార్చేకంటే అత్తెసరు పెట్టుకోవడం మేలు.

గోంగూర_పచ్చడి
ఎట్టకేలకి నా పేరు దగ్గరకొచ్చారు.

ఎడిసన్_అమ్మ
వారం తర్వాత వచ్చా. పిల్లల డాక్టరుని అడిగాం. పాప బరువు, ఎత్తు బాగున్నాయి, గమ్మీలు అసలు అక్కర్లేదు, విటమిన్ డీ ఒక్కటి చుక్కలు వేయమంది. నాకు 400 మాత్ర రాసింది. సీరియల్ ఒక గిన్నెకి దించా, అలసందల వడలు తింటోంది, కెచప్‌తో అయినా సరే.

అసలు సంగతి ఇప్పుడు తెలిసింది. మా అత్తగారు "జెల్లీ చాక్లెట్" అని మధ్యాహ్నం కూడా రెండు గమ్మీలు ఇస్తున్నారట, జడ వేయించుకున్నందుకు లంచం. అంటే మన 470 కూడా తప్పే, 710.

మందుల_షాపు
పాత సీసా వెనక ఐరన్ ఉందా, లేదా చూశారా? గమ్మీల్లో చాలావాటిలో ఉండదు. ఉంటే మాత్రం అది పిల్లలకి అందని అలమరలో ఉండాలి. ఫోలిక్ యాసిడ్ ఎక్కువైతే ఉచ్చలో పోతుంది, ఐరన్ మాత్రలు గుప్పెడు మింగితే ప్రాణం మీదకి వస్తుంది. @చల్లపల్లి_టీచరు మీ మాత్రల డబ్బాకీ ఇదే.

చల్లపల్లి_టీచరు
బీరువాలో పెట్టి తాళం వేస్తాం. తాళం చెవి హెడ్మాస్టరు మొలతాడుకే ఉంటుంది.

ఎడిసన్_అమ్మ
ఐరన్ లేదు, చూశా. సీసా ఫ్రిజ్ మీదకి ఎక్కించా. ఇప్పుడు జడకి లంచం ఏమివ్వాలో చెప్పండి, అత్తగారు అడుగుతున్నారు.

పెసరట్టు_ఉప్మా
వేరుశనగ ఉండ. దానికి వేరే థ్రెడ్ తెరవండి, అక్కడ బెల్లమా చక్కెరా అని కొట్టుకుందాం.